వేలిముద్రతో కూలీ డబ్బు: 157 మండలాల లాటరీ ఏం తేల్చింది

ఏదైనా సంక్షేమ పథకంలో కొత్త యంత్రం పెట్టిన ఏడాదికి ఒక లెక్క బయటికి వస్తుంది: ఇన్ని లక్షల దొంగ కార్డులు ఏరేశాం, ఇన్ని కోట్లు ఆదా చేశాం అని. ఆ లెక్కలో రెండు లోపాలుంటాయి. ఏరేసిన కార్డుల్లో నిజంగా దొంగవి ఎన్నో, వేళ్లు అరిగిపోయి ముద్ర పడని ముసలివాళ్లవి ఎన్నో అందులో ఉండదు. యంత్రం పెట్టకపోయినా ఆ ఏడాది ఏం జరిగి ఉండేదన్నది అసలే ఉండదు. వానలు బాగా పడి పొలం పనులు దొరికితే ఉపాధి పనికి వచ్చేవాళ్లు తగ్గుతారు. పై నుంచి నిధులు ఆలస్యమైతే చెల్లింపులు ఆగుతాయి, ఎన్నికలు దగ్గరపడితే కదులుతాయి. నిరుటికీ ఈ ఏటికీ పోలిక పెడితే ఈ మార్పులన్నీ యంత్రం ఖాతాలోనే పడతాయి.

ఈ ముడిని జాగ్రత్తగా విప్పిన ప్రయోగం ఒకటి తెలుగు నేల మీదే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీలకూ పింఛనుదారులకూ వేలిముద్రలతో పనిచేసే స్మార్ట్‌కార్డులు ఇచ్చినప్పుడు, ఏ మండలానికి ముందు ఇవ్వాలన్నది లాటరీ తీసి నిర్ణయించారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఈ పని చేశారు. ఫలితాలు 2016లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూ అనే ఆర్థికశాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి. 1 కోటి 90 లక్షల మంది ఉన్న ప్రాంతంలో జరిగిన ప్రయోగం ఇది. దీన్ని "వేలిముద్రలు అవినీతిని ఆపాయి" అని ఒక్క ముక్కలో చెప్పేవాళ్లున్నారు. నిజానికి ఇందులో తేలింది అంతకంటే ఇరుకైన విషయం, ఆ ఇరుకుతనమే దాని విలువ.

మారింది ఒకటి కాదు, రెండు

కార్డు రాకముందు ఉపాధి కూలీ డబ్బు చేతికందే దారి ఇది. పని దగ్గర ఫీల్డ్ అసిస్టెంట్ మస్టర్, అంటే హాజరు పట్టీ, రాస్తాడు. మస్టర్ మండల కేంద్రంలో కంప్యూటర్‌కు ఎక్కుతుంది, పే ఆర్డర్ తయారవుతుంది, డబ్బు పోస్టాఫీసుకు వెళ్తుంది, కూలీ అక్కడికి పోయి తీసుకోవాలి. పింఛను చాలావరకు పంచాయతీ సిబ్బంది చేతుల మీదుగా పంచేవారు.

కొత్త పద్ధతిలో ప్రభుత్వం ఒక్కో జిల్లాకు ఒక్కో బ్యాంకును ఎంచుకుంది. బ్యాంకు ఒక సాంకేతిక సంస్థను పెట్టుకుంది. ఆ సంస్థ ఊళ్లోనే ఒక మనిషిని నియమించి చేతిలో పట్టే చిన్న యంత్రం ఇచ్చింది. ఆ మనిషి అదే ఊరి మహిళ అయి ఉండాలని, స్వయం సహాయక సంఘం సభ్యురాలైతే మంచిదని నిబంధనల్లో రాసుకున్నారు. లబ్ధిదారుల వేలిముద్రలు, ఫొటో తీసుకుని చిప్ ఉన్న కార్డు ఇచ్చారు. ముద్ర చిప్‌లోనే ఉంటుంది కాబట్టి సరిపోల్చడానికి నెట్‌వర్క్ అక్కర్లేదు. ఇది ఆధార్ కాదు. ఆధార్‌లో ముద్ర దూరాన ఉన్న సర్వర్‌కు వెళ్లి రావాలి. ఈ తేడా తర్వాత పనికొస్తుంది.

అంటే ఒకేసారి రెండు మార్పులు జరిగాయి. డబ్బిచ్చే మనిషి మారింది, ఇచ్చే చోటు ఊళ్లోకి వచ్చింది. అది ఒకటి. తీసుకునే మనిషిని గుర్తించే పద్ధతి మారింది. ఇది రెండోది. లాటరీ ఈ రెంటినీ కలిపి కొలవగలదు కానీ విడదీయలేదు. విడదీయడానికి వేరే ఆధారాలు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇంకో నిబంధన, చూడ్డానికి చిన్నదే: కార్డు లేనివాళ్లకు కూడా డబ్బు ఆపకూడదు. ఊరు కొత్త పద్ధతిలోకి మారాక కూడా, నమోదు కానివాళ్లకు, ముద్ర పడనివాళ్లకు మనిషిని చూసి గుర్తుపట్టి చెల్లించే వీలు ఉంచారు. గట్టిగా అమలు చేయాలనేవాళ్లకు ఇది తూటులా కనిపిస్తుంది. ఆ మాటకు మళ్లీ వద్దాం.

లాటరీ మనుషులకు కాదు, మండలాలకు

ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరం. ఈ ఎనిమిది జిల్లాల్లో మొదట కాంట్రాక్టు తీసుకున్న బ్యాంకులు పని ముందుకు తీసుకుపోలేకపోయాయి. 2010లో ప్రభుత్వం వేరే బ్యాంకులకు అప్పగించి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ మొదలుపెట్టాలంటే ఏదో ఒక వరస కావాలి కదా, ఆ వరసను లాటరీతో తేల్చడానికి అప్పుడు సందు దొరికింది. మొత్తం 405 మండలాల్లో 109 పక్కన పెట్టారు, వాటిలో చాలావరకు అప్పటికే పని మొదలైనవి. మిగిలిన 296లో 112 మండలాలకు ముందు, 45 మండలాలకు చివర్లో, మధ్యలో ఉన్న 139కి ఆ రెంటి నడుమ.

మధ్య గుంపు దేనికి? ముందువాళ్లకు కార్డులిచ్చాక కొలవడానికి రెండేళ్ల వ్యవధి కావాలి. ఆ రెండేళ్లూ యంత్రాంగం చేతులు ముడుచుకుని కూర్చోదు, కూర్చోమని చెప్పడం న్యాయమూ కాదు. సిబ్బంది ఆ 139 మండలాల్లో పని చేసుకుంటూ పోతే, చివరి 45 మండలాలు పోలికకు మిగులుతాయి. కొలత మాత్రం ముందున్న 112కీ చివరి 45కీ మధ్యనే: మొత్తం 157. ఎవరికీ కార్డు శాశ్వతంగా నిరాకరించలేదు, వంతు మాత్రమే ఆలస్యమైంది.

మనుషుల మధ్య లాటరీ తీస్తే నమూనా ఇంకా పెద్దదిగా కనిపించేది. కానీ ఒకే ఊళ్లో సగం మందికి కార్డులిస్తే ఫీల్డ్ అసిస్టెంట్ తన చేతివాటం మిగతా సగం మీద చూపిస్తాడు. కార్డున్నవాళ్లకు మేలు, లేనివాళ్లకు కీడు జరుగుతుంది. ఆ రెంటి తేడా తీస్తే మేలు ఉన్నదానికంటే ఎక్కువ కనపడుతుంది. కాంట్రాక్టు, పే ఆర్డర్, పర్యవేక్షణ అన్నీ మండలం స్థాయిలో నడుస్తాయి కాబట్టి లాటరీ కూడా అక్కడే తీయాలి.

దీనికి మూల్యం ఉంటుంది. ఒకే మండలంలోని కూలీలు ఒకే ఎంపీడీవో కింద, ఒకే వానల కింద బతుకుతారు. వాళ్ల జవాబులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. లెక్క ఇలా వేస్తారు: మండలానికి 50 ఇళ్ల చొప్పున అడిగామనుకుందాం, ఒకే మండలంలోని ఇళ్ల జవాబుల దగ్గరితనం 0.05 అనుకుందాం (0 అంటే ఏ సంబంధమూ లేదు, 1 అంటే అన్నీ ఒకటే). ఒకటికి (50 – 1) × 0.05 కలిపితే 3.45. మొత్తం 8,000 ఇళ్లు అడిగినా, దాన్ని 3.45తో భాగిస్తే, అవి ఇచ్చే సమాచారం విడివిడిగా ఎంచుకున్న సుమారు 2,300 ఇళ్లకు సమానం. ఈ దిద్దుబాటు చేయకుండా, ఉన్న ఇళ్లన్నీ లెక్కేసుకుని "తేడా ఖాయం" అని ప్రకటించే నివేదికలు చాలానే వస్తాయి. ఏ మూల్యాంకన నివేదికైనా చేతికొస్తే మొదట చూడాల్సింది, ఫలితం ఎంత అటూ ఇటూ కావచ్చన్న అంచనాను లాటరీ తీసిన స్థాయిలోనే వేశారా లేదా అన్నది.

లాటరీ దానంతటదే సమానత్వం తెచ్చిపెట్టదు కూడా. అదృష్టం కొద్దీ వెనకబడ్డ మండలాలన్నీ ఒకవైపే పడొచ్చు. అందుకే జిల్లాల వారీగా, మండలాల సామాజిక ఆర్థిక పరిస్థితిని బట్టి ముందు గుంపులు చేసి, ప్రతి గుంపులో విడిగా లాటరీ తీశారు. తర్వాత అక్షరాస్యత, ఎస్సీ ఎస్టీ జనాభా, జాబ్ కార్డుల సంఖ్య లాంటివి రెండు వైపులా పోల్చి చూసుకోవాలి. ఇలాంటి 20 పోలికలు చేస్తే అందులో సగటున ఒకటి వట్టి యాదృచ్ఛికంగానే తేడాగా తేలుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. ఐదారు తేలితే లాటరీ ఎలా తీశారో మళ్లీ చూడాలి.

కనపడని డబ్బును కొలవడం

కష్టమంతా ఇక్కడే ఉంది. తిన్నవాడు లెక్క చెప్పడు. ప్రభుత్వం ఇచ్చానంటున్నది ఒక అంకె, కూలీ అందుకున్నానన్నది ఇంకో అంకె, మధ్యలో తేడాయే లీకేజీ. మొదటి అంకె ఆంధ్రప్రదేశ్‌లో తేలిగ్గా దొరికింది. ఏ జాబ్ కార్డుకు ఏ వారం ఎన్ని రోజుల పని, ఎంత కూలీ అన్నది ఉపాధి హామీ రికార్డుల్లో అందరికీ అందుబాటులో ఉంది. రెండో అంకె కోసం ఇల్లిల్లూ తిరగాలి. 2010లో ఒకసారి, 2012లో ఇంకోసారి, 880 పంచాయతీల్లో తిరిగారు. ఇళ్లను ఎంచుకున్నది ప్రభుత్వ జాబితా నుంచే. ఊళ్లో కనిపించినవాళ్లను అడిగితే కాగితం మీద మాత్రమే బతికే పేర్లు ఎప్పటికీ బయటపడవు.

డబ్బు జారే దారులు మూడు. ఒకటి, ఊళ్లో లేని మనిషి పేరు మీద జాబ్ కార్డు. రెండు, ఉన్న మనిషే కానీ ఆ వారం పనికి రాలేదు, లేదా రెండు రోజులే వచ్చాడు, మస్టర్‌లో ఆరు రోజులు పడింది. మూడు, పని చేశాడు, రావాల్సింది పూర్తిగా రాలేదు, మధ్యలో ఎవరో కోత కోశారు. ఆ వారం పనిలోకి అడుగే పెట్టకుండా పేరు మాత్రం మస్టర్‌కు ఎక్కిన ఇళ్లను పరిశోధకులు విడిగా లెక్కపెట్టారు. ఇవి పూర్తి దొంగ పేర్లు కావు. అడిగితే మనిషి కనపడతాడు, కార్డు చూపిస్తాడు, వేలిముద్ర కూడా వేస్తాడు. తన పేరున డబ్బు తీశారన్న సంగతి అతనికి తెలిసి ఉండాలనేం లేదు.

కొలతలో తప్పులకు కొదవ ఉండదు. కూలీకి మూడు వారాల కిందటి పని సరిగ్గా గుర్తుండదు. రికార్డులో వారం సోమవారం మొదలైతే, అతని లెక్కలో వారం సంతరోజున మొదలవుతుంది. ఇంటిపేరు, స్పెల్లింగు తేడాలతో రికార్డుకూ ఇంటికీ జత కుదరదు. ఇల్లు దొరక్కపోతే అది దొంగ పేరా, వలస వెళ్లారా, జాబితాలో తప్పా అన్నది చుట్టుపక్కలవాళ్లను అడిగి తేల్చుకోవాలి. ఇన్ని తప్పులున్నా ప్రయోగం నిలబడడానికి కారణం ఉంది: ఈ తప్పులు లాటరీలో గెలిచిన మండలాల్లోనూ ఓడిన మండలాల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక్కో వైపు లీకేజీ అంకె అంత కచ్చితం కాకపోవచ్చు. రెండు వైపుల మధ్య తేడాను మాత్రం ఎక్కువ నమ్మొచ్చు. కార్డు వల్లే జ్ఞాపకం మారితే తప్ప. ఉదాహరణకు, యంత్రం రసీదు ఇస్తే కార్డు మండలాల కూలీలకు అంకె బాగా గుర్తుండొచ్చు. ఇలాంటి ఏకపక్షపు తప్పునే వెతకాలి, మామూలు తప్పుల్ని కాదు.

ఏం మారింది, ఎవరికి మిగిలింది

రెండేళ్ల తర్వాత కూడా ముందు వరస మండలాల్లో కార్డుల ద్వారా జరిగిన చెల్లింపులు సగం మాత్రమే. బ్యాంకులు మొరాయించాయి, నమోదు శిబిరాలు సాగలేదు, కొన్ని ఊళ్లలో మహిళ దొరకలేదు. ఇలాంటప్పుడు "పని జరిగిన ఊళ్లనే లెక్కేద్దాం" అన్న కోరిక పుడుతుంది. అది చేస్తే లాటరీ తీసి లాభం లేదు, ఎందుకంటే పని జరిగిన ఊళ్లు మొదటి నుంచీ మెరుగైన ఊళ్లే అయి ఉంటాయి. అందుకే లాటరీ గెలిచిన మండలాలన్నిటినీ, అమలు జరిగినా జరక్కపోయినా, ఒకవైపే లెక్కేశారు. కింది అంకెలన్నీ సగం అమలుతో వచ్చినవి.

డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం ఒక్కో విడతకు 22 నిమిషాలు తగ్గింది, అంటే అయిదో వంతు. పని ముగిసిన రోజు నుంచి డబ్బు చేతికందే దాకా పోలిక మండలాల్లో 34 రోజులు పట్టేది. కార్డు మండలాల్లో 6 నుంచి 10 రోజులు తగ్గింది. ఉపాధి కూలీ రాబడి 24 శాతం పెరిగింది. ప్రభుత్వం ఖర్చు పెట్టానన్న మొత్తంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. లీకేజీ 12.7 శాతం పాయింట్లు పడింది, అంటే ఉన్నదాంట్లో 41 శాతం.

ఈ మూడు అంకెలను కలిపి చదవాలి. ఖర్చు తగ్గలేదు, కూలీ చేతికి ఎక్కువ వచ్చింది, మధ్యలో జారేది తగ్గింది. ఖజానాకు ఒక్క రూపాయీ మిగల్లేదు. "బయోమెట్రిక్‌తో వందల కోట్ల ఆదా" అన్న ప్రచారానికి ఈ ప్రయోగం పనికిరాదు. ఇక్కడ జరిగింది ఆదా కాదు, మధ్యవాడి చేతిలోంచి కూలీ చేతిలోకి బదిలీ. పూర్తి దొంగ పేర్లు కూడా పెద్దగా తగ్గలేదు. తగ్గినవి, మనిషి ఉండి పని చేయని మస్టర్లు. కారణం ఊహించుకోవచ్చు. ముద్ర వేయడానికి మనిషి రావాలి. వచ్చినవాడికి తన పేరున ఎంత పడిందో తెలుస్తుంది. తెలిశాక ఊరికే పోడు, వాటా అడుగుతాడు, లేదా పనే అడుగుతాడు. నిజంగా పనికి వెళ్లిన ఇళ్ల సంఖ్య పెరగడం ఈ ఊహకు సరిపోతోంది.

రెండు మార్పుల్లో ఏది ఏం చేసిందన్న ప్రశ్నకు లాటరీ నేరుగా జవాబివ్వదని ముందే చెప్పుకున్నాం. కొత్త పద్ధతిలోకి మారిన ఊళ్లలో కార్డున్నవాళ్లనూ లేనివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ఆనవాలు దొరుకుతుంది. సమయం, ఆలస్యం తగ్గడం ఇద్దరికీ జరిగింది. లీకేజీ తగ్గడం మాత్రం కార్డున్నవాళ్ల దగ్గరే కనపడింది. వేగం వచ్చింది డబ్బు ఊళ్లోకి రావడం వల్ల, చేతివాటం తగ్గింది ముద్ర వల్ల అని అనుకోవచ్చు. ఈ ముక్క లాటరీ బలంతో చెప్పేది కాదు కాబట్టి దీన్ని ఆ అంకెలంత గట్టిగా నమ్మకూడదు.

పింఛన్లలో మార్పు చిన్నది, ఎందుకంటే అక్కడ జారేదే తక్కువ. అప్పట్లో చాలామందికి నెలకు 200 రూపాయల స్థిరమైన మొత్తం, ఎంత రావాలో ముసలమ్మకు కూడా తెలుసు. కోత పెడితే వెంటనే బయటపడుతుంది.

డబ్బు సరిగ్గా అందితే మార్కెట్ కూడా కదులుతుందన్నది ఈ ప్రయోగం నుంచే వచ్చిన ఇంకో ఫలితం. అదే బృందం తర్వాత ప్రచురించిన పరిశోధనలో, కార్డు మండలాల్లో ఉపాధి పథకంలో ఉన్న కుటుంబాల మొత్తం ఆదాయం 14 శాతం పెరిగిందని తేలింది. అందులో 86 శాతం ఉపాధి హామీ నుంచి కాదు, బయటి పనుల నుంచి వచ్చింది. మునుపటికంటే త్వరగా డబ్బందే పని చేతిలో ఉన్న కూలీ, రైతు ఇస్తానన్న రేటుకు ఒప్పుకోడు. పొలం కూలీ రేట్లు పెరిగాయి, భూమి మీద రాబడి కొంత తగ్గింది. ఇక్కడే పోలికకు కూడా చిక్కొచ్చింది. కూలీలు మండలం సరిహద్దు దాటి పనికి వెళ్తారు, కాబట్టి పక్క మండలంలోని రేట్లు కూడా కదులుతాయి. అప్పుడు పోలిక మండలం పాత స్థితిలో ఉండదు, తేడా తక్కువగా కనపడుతుంది. చుట్టూ ఎన్ని కార్డు మండలాలున్నాయో దూరాన్ని బట్టి లెక్కేసి దిద్దితే ఫలితం ఇంకా పెద్దదైంది.

జార్ఖండ్‌లో అదే ముద్ర

ఇదే ముగ్గురు 2016 నుంచి జార్ఖండ్ రేషన్ దుకాణాల్లో ఇంకో లాటరీ ప్రయోగం చేశారు. 1 కోటి 51 లక్షల మంది ఉన్న ప్రాంతంలో, ఈసారి ఆధార్‌తో పనిచేసే ఈ-పోస్ యంత్రాలతో. లీకేజీ తగ్గలేదు. సరుకు తెచ్చుకోవడానికి జనం పడే శ్రమ, ఖర్చు పెరిగాయి. రేషన్ కార్డుకు ముందుగా ఆధార్ జోడించుకోని కుటుంబాలకు అందేది 10 శాతం పడిపోయింది.

అదే వేలు, అదే రకం యంత్రం, ఫలితం తలకిందులు. ఎందుకో చూస్తే మూడు తేడాలున్నాయి. జార్ఖండ్‌లో దొంగతనం పేరుది కాదు, తూకానిది. డీలర్ ముద్ర వేయించుకుని 25 కిలోలకు 22 ఇస్తే యంత్రానికి తెలియదు. ముద్ర మనిషిని గుర్తిస్తుంది, బియ్యాన్ని తూయదు. రెండో తేడా: ఆంధ్రలో ముద్రతో పాటు డబ్బు పంచే మనిషి మారింది, జార్ఖండ్‌లో డీలర్ మారలేదు. మూడోది: ఆంధ్రలో కార్డు లేకపోయినా చెల్లింపు ఆగకూడదన్నారు. జార్ఖండ్‌లో జోడింపు ముందు, సరుకు తర్వాత. ముద్ర పడకపోయినా, సర్వర్ పలకకపోయినా నష్టం కార్డుదారుడికే.

2017లో జార్ఖండ్ ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. యంత్రంలో నమోదైన అమ్మకాలను బట్టి డీలర్ దగ్గర ఎంత నిల్వ మిగిలి ఉండాలో లెక్కేసి, ఆ మేరకు కొత్త సరుకు పంపడం తగ్గించింది. ఇది డీలర్లను తాకింది, లీకేజీ బాగా పడింది. కానీ కాగితం మీదున్న నిల్వ చాలాచోట్ల దుకాణంలో లేదు, ఎప్పుడో అమ్ముకున్నారు. సరుకు తగ్గేసరికి డీలర్ తన వాటా వదులుకోలేదు, కార్డుదారుల వాటా కోశాడు. పాత దొంగతనానికి లెక్క కొత్త నెలలో పేదల దగ్గర వసూలైంది. లెక్కను సున్నా నుంచి మొదలుపెట్టి ఉంటే ఇందులో చాలా నష్టం తప్పేది.

రెండు రాష్ట్రాలూ పక్కన పెట్టి చూస్తే, యంత్రం పెట్టేముందు తేల్చుకోవాల్సినవి బయటపడతాయి. డబ్బు లేదా సరుకు ప్రస్తుతం ఏ దారిలో జారుతోంది: పేరులోనా, మస్టర్‌లోనా, తూకంలోనా? ముద్ర పడని మనిషికి ఆ రోజే, అక్కడే ఏ దారి ఉంది? ఆ దారి ఎవరి సంతకంతో నడుస్తుంది? అందకుండా పోయినవాళ్ల సంఖ్యను ఎవరు, ఎన్నాళ్లకోసారి కొలుస్తారు? యంత్రంలో నమోదయ్యేది అందుకున్నవాళ్ల వివరమే. తిరిగి వెళ్లిపోయినవాళ్ల గురించి దానికి తెలియదు.

ఆ చివరి కొలతకు ప్రతిసారీ వేలాది ఇళ్లు తిరగనక్కర్లేదు. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదటి విడత చెక్కులు పంచేటప్పుడు దాదాపు ఇదే బృందం చౌక దారి ఒకటి పరీక్షించింది. లాటరీతో కొన్ని మండలాలు ఎంచుకుని, అక్కడి అధికారులకు ముందే చెప్పారు: రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందా లేదా కనుక్కుంటాం అని. అంతే. చెక్కు అందని రైతుల సంఖ్య ఆ మండలాల్లో 7.8 శాతం తగ్గింది. అదనంగా అందిన ప్రతి రూపాయికీ అయిన ఖర్చు 3.6 పైసలు. అప్పటికే ఎక్కువ మందికి చెక్కులు అందుతున్నాయి కాబట్టి మొత్తం మీద చూస్తే ఇది చిన్న మార్పే. పైగా ఫోన్ నంబరు రికార్డులో సరిగ్గా లేని రైతు ఈ కొలతలోకి కూడా రాడు.